స్థానికులు అంటే నేనే

నా చిన్నప్పుడు జరిగిన ఈ ముచ్చటలో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఆయన చాలకపోతే మా ఆవిడ మీద కూడా ఒట్టు. నన్నెరిగిన వాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

అప్పటికి తొంభైలు ముగింపుకు వచ్చాయి. కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచి ఎండలో మెరిసిపోతూ ఉండేది. దానికి కూతవేటు దూరంలో ఉన్న మా సందుకు మాత్రం నల్లా లేదు. రోజు విడిచి రోజు పొద్దున్నే నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. ఆడవాళ్ళు బిందెలు వరుసలో పెట్టి పక్కనే బండరాళ్ళ మీద కూర్చునేవారు. అక్కడ మా మేనత్త పేపర్ చదివి వినిపించేది. అత్త బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేది. ఎర్రజెండా యూనియన్ మనిషి. ఆమె చదవడం కూడా యూనియన్ మీటింగులాగే ఉండేది. చేతిలో ఒక పెన్సిల్ పట్టుకుని, ఒక్కో వార్త అయ్యాక "ఇది చూసినోళ్ళెవరు?" అని అడిగేది. కళ్ళారా చూసిన మనిషి ఎవరో వార్తలో ఉంటే ఆ వాక్యం కింద గీత పడేది. లేకపోతే లేదు.

ఆ వేసవిలో సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. పేజీలకు పేజీలు అదే. అన్నీ చదివినా అత్త పెన్సిల్ అరిగేది కాదు. ఏ మూలనో చనిపోయిన సిపాయి తల్లి మాట్లాడిన నాలుగు ముక్కలుంటే వాటి కింద మాత్రం గట్టిగా గీసేది. "ఈమె ఒక్కతే చూసి చెప్తుందే" అని పేపర్ మడిచేసేది.

నేను అయిదో తరగతి. ఆ వరుసలో నా మాట వినేవాళ్ళు లేరు. యుద్ధం వచ్చి నాకొక అవకాశం ఇచ్చింది. మా కాంపౌండ్‌లో చివరి గదిలో ఒక అన్న కిరాయికి ఉండేవాడు. కొత్త రోడ్ల వెంట ఫోన్ కేబుళ్ళ కోసం గుంతలు తవ్వించే పని అతనిది. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. ఒక సాయంత్రం మెట్ల మీద కాగితం పరుచుకుని ఏవో గీతలు గీస్తున్నాడు. నేను చూసింది అంతే.

మర్నాడు అత్త పొద్దుటి షిఫ్టుకు వెళ్ళింది. వరుసలో నేను మెల్లగా, "అన్న అద్దాల మేడకు మ్యాప్ గీస్తుండు" అన్నాను.

"అమ్మో! నిజంగా చూశావట్రా?" అంది ఎదురింటి విజయవాడ ఆంటీ. ఆమె కళ్ళు అంత పెద్దవవుతాయని నాకు అంతకుముందు తెలియదు. అంత పెద్ద కళ్ళకు ఒక్క మ్యాప్ ఏం సరిపోతుందని ఒక వైర్‌లెస్ సెట్టు కూడా ఇచ్చాను. "గడ్డం గూడ పెంచుతుండు జూడు" అని ఇంకొకామె అందుకుంది. ఆమెకు ఒక దుర్భిణి ఇచ్చాను. ట్యాంకర్ వచ్చేసరికి ఎవరికీ ఏమీ తక్కువ చేయలేదు. సాయంత్రం పోలీసు జీపు వచ్చి అన్నను, అతని కాగితాలను ఎక్కించుకుపోయింది.

ఒక రోజు విడిచి, పొద్దున మళ్ళీ వరుస. అత్త చదువుతోంది. మా సందులో ఒక అనుమానితుడు దొరికాడట. అతని దగ్గర వైర్‌లెస్ సెట్టు, దుర్భిణి ఉన్నాయని, కాగితంపై రహస్య పటాలు గీశాడని స్థానికులు తెలిపారట. అత్త ఆగింది.

"స్థానికులంటే మనమే గదనే. చూసినోళ్ళెవరు?"

అందరూ ఒకరినొకరు చూసుకుని, చివరికి అందరూ నన్ను చూశారు. అత్త నన్ను కొట్టలేదు. పేపర్, పెన్సిల్ నా చేతికిచ్చి, "నువ్వు చూసింది గీయ్ బిడ్డా" అంది. వార్త మొదటి నుంచి చివరి దాకా నా వేలు నడిచింది. ఎక్కడా ఆగడానికి చోటు దొరకలేదు. ఆఖరికి "కాగితం" అన్న ఒక్క మాట కింద గీశాను.

"గా ఒక్క మాటకు ఓ మనిషి రెండ్రోజుల సంది లోపలున్నడు" అని అత్త పోలీస్ స్టేషన్‌కు పోవడానికి లేచింది. సరిగ్గా అప్పుడే ట్యాంకర్ హారన్ వినిపించింది. ఇప్పుడు ట్యాంకర్‌ను వదిలి పోతే మళ్ళీ ఎల్లుండి దాకా చుక్క నీళ్ళుండవు. ముందు కదిలింది విజయవాడ ఆంటీయే. "నలుగురికీ చెప్పింది నేనేనండీ, నేనూ వస్తాను" అని ఖాళీ బిందె చంకనెత్తుకుంది. వెనకే మిగతా వాళ్ళూ.

స్టేషన్ మెట్ల మీద అన్ని బిందెలు చూసి ఇన్‌స్పెక్టర్ బయటకు వచ్చాడు. "నీళ్ళ కోసమైతే మున్సిపాల్టీకి పోవాలమ్మా."

"మనిషి కోసం వచ్చినం సార్. ఏ కేసు పెట్టిన్రో కాయితం చూపించున్రి" అంది అత్త.

"ఇది యుద్ధం టైమ్."

"ఏ టైమైనా కాయితం లేకుండ మనిషిని ఎట్ల పెట్టుకుంటరు సార్?"

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. అప్పుడు నేను రెండడుగులు ముందుకు వేసి, ఛాతీ విరుచుకుని, "సార్, స్థానికులు నేనే" అన్నాను. ఆయన నా నిక్కరు నుంచి నెత్తి దాకా చూశాడు. కాగితాలు తెప్పించి పరిచాడు. గుంత ఎక్కడ తవ్వాలో, మంచినీళ్ళ పైపు తెగకుండా ఎక్కడ పక్కకు తిప్పాలో గీసిన గీతలు అవి. మధ్యాహ్నానికి అన్నను వదిలేశారు.

అతని చెంప వాచి ఉంది. నన్ను చూసి తిడతాడనుకున్నాను. "పేపర్ల నా పేరు తప్పు రాసిన్రు చిన్నా. మంచిగైంది. మా అమ్మీకి తెల్వది, ఫికర్ ఉండదు" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా ఏ దెబ్బకూ ఏడవలేదు. మళ్ళీ ట్యాంకర్ వచ్చేదాకా ఆ రెండు రోజులూ సందంతటికీ దూరపు బోరింగు నుంచి నీళ్ళు మోయడం నాకు పడిన శిక్ష. సగం బిందెలు అన్నే మోశాడు, దారి పొడుగునా నాతో కబుర్లు చెబుతూ. నా బాల్యంలో అంతకన్నా హాయిగా గడిచిన రోజులు గుర్తు లేవు.

ఇక ఆ ఒట్టు సంగతి. మా ఆవిడ క్షేమం దృష్ట్యా ఒప్పేసుకుంటున్నాను. స్టేషన్‌లో నేను ముందుకు రాలేదు, ఛాతీ విరుచుకోలేదు, నోరు మెదపలేదు. అత్త కొంగు వెనకాల దాక్కున్నాను. నన్ను ముందుకు లాగి, "ఈ పిలగాడే సార్ మీ స్థానికులు" అన్నది అత్త. ఇన్నేళ్ళుగా ఆ మాటను నా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మిగతాదంతా నిజం.

ఇప్పటికీ ఎవరినైనా పోలీసులు ఏ సంగతీ చెప్పకుండా తీసుకెళ్ళారని తెలిస్తే, టీవీ కట్టేసి, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆ స్టేషన్ గేటు దగ్గరికి వెళ్తాను. కాగితం చూపించమని అడుగుతాను. అడిగేటప్పుడు గొంతు వణుకుతుంది. కానీ మాట మాత్రం నాదే.