మంచు చూడ్డానికొచ్చినవాళ్ళు

నర్సీపట్నంలో కాపురం ఉండేవాళ్ళకి చలికాలమంటే చుట్టాల కాలం. మా ఊళ్ళో చూడ్డానికి పెద్దగా ఏమీ లేకపోయినా, లంబసింగి వెళ్ళేవాళ్ళు మా ఊరి మీదుగానే వెళ్ళాలి. చీకటితో బయల్దేరి ఘాట్ రోడ్డెక్కితే సూర్యుడు పొడిచే వేళకి చెరువులవేనం కొండ మీద నిలబడి, కాళ్ళ కింద పరుచుకున్న మబ్బుల్ని చూడొచ్చు. ఎండెక్కాక స్ట్రాబెర్రీ తోటల్లో ఫొటోలు దిగొచ్చు, తాజంగి రిజర్వాయరు దగ్గర కాసేపు కూర్చోవచ్చు, రోడ్డు పక్కన బొంగులో చికెన్ తినొచ్చు, ఓపికుంటే కొత్తపల్లి జలపాతం దాకా వెళ్ళి తడిసి రావొచ్చు. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఇదంతా గడగడా అప్పజెప్పేస్తాను.

డిసెంబరు వచ్చిందంటే శని, ఆదివారాలు మా ఇల్లు మాది కాదు. స్వెట్టర్లు తెచ్చుకోనివాళ్ళకి మా స్వెట్టర్లు, పిల్లలకి మంకీ క్యాపులు, కొండ దిగొచ్చాక అందరికీ వేడినీళ్ళు, ఉప్మా, ఒక కునుకు. వాళ్ళు కార్లెక్కి చేతులూపి వెళ్ళిపోయాక బురద పట్టిన రగ్గులు నాకు మిగిలేవి. సోమవారం పొద్దున్నే నేను బడికి పోవాలి. నేను టీచర్ని. మావారు గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తారు. చుట్టాలొస్తే ఆయన డాబా మీద కుర్చీలేసి కబుర్లు చెబుతారు. మిగతాదంతా నాదే.

రెండేళ్ళ కిందట అలాంటి వారాలు వరసగా గడిచాక, ఒక శుక్రవారం సాయంత్రం వదిన ఫోన్ చేసింది. మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. పుట్టిల్లు పాయకరావుపేట. అన్నయ్య ఉద్యోగం వల్ల రాజమండ్రిలో స్థిరపడ్డారు. నేను బీఈడీ చదివిన ఏడాదంతా వాళ్ళ రెండు గదుల ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే లేచి నాకు క్యారేజీ కట్టిచ్చేది వదిన. ఒక్కరోజూ విసుక్కోలేదు.

"మీ అన్నయ్య రిటైరయ్యేరు కదమ్మా. మంచు చూడాలి, మంచు చూడాలని ఒకటే గోల. రేపు సాయంత్రానికి మీ ఇంటికొచ్చీసి, ఆదివారం తెల్లారకుండా కొండెక్కుదామనుకుంటన్నాం," అంది.

అప్పుడే బడి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉన్నాను. దండెం నిండా కిందటి వారం రగ్గులు ఇంకా ఆరనేలేదు.

"అయ్యో వదినా, నాకు జ్వరం," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చిన్న జ్వరమంటే "పరవాలేదు, మేం వండుకుంటాంలే" అంటుందేమోనని భయం వేసింది. "డెంగ్యూ ఏమోనంటున్నారు. టెస్టుకిచ్చాం," అని గొంతు నీరసంగా పెట్టి చెప్పాను.

వదిన కంగారుపడింది. జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్న మావారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, పేజీ తిప్పారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే నాకు సిగ్గేసేది ఆ నిద్రకే.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. తలంటుకుని, డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. కింద కారాగిన చప్పుడైంది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే అన్నయ్య దిగుతున్నాడు. వెనకే వదిన, చేతిలో కూరగాయల సంచీ.

మావారు మెట్ల కింద నుంచి గొంతు తగ్గించి అరిచారు. "వచ్చీసేరే! ఏటి చూస్తన్నావు, వచ్చి పడుకో!"

పరుగెత్తుకొచ్చి మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాను. వదిన చెప్పులు విప్పి తిన్నగా నా గదిలోకే వచ్చింది.

"ఏటమ్మా ఈ తలేటి, ఇలా తడిగా ఉంది? జ్వరంలో తలస్నానం ఎవులు చెయ్యమన్నారు నిన్ను?"

నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"చల్లగానే ఉంది. చెమట పట్టి దిగినట్టుంది. డెంగ్యూ అంతే, దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతాది," అంటూ తన కొంగుతోనే నా జుట్టు తుడవసాగింది.

అన్నయ్య గుమ్మంలో నిలబడి మావారితో అంటున్నాడు. "ఎన్నాళ్ళుండాలో తెలీదు కదా బావా, కారు పంపించేసేను. ఆ లంబసింగి ఎక్కడికీ పోదు. ముందు ఇది బేగి లేచి తిరగాలి."

ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. "మాట్లాడకు, నీరసమొస్తాది," అంది వదిన. నేను మూసుకున్నాను.

ఆ రోజంతా వంటిల్లు వదినదే. మిరియాల చారు కాచింది. గంజి వార్చి ఇచ్చింది. అట్లకాడ ఎక్కడుందో, పోపుడబ్బా ఎక్కడుందో నన్ను అడక్కుండా తనే వెతుక్కుంది. డెంగ్యూకి బొప్పాయి ఆకు రసం మంచిదని ఎవరో చెప్పారట. అన్నయ్య టవలు భుజాన వేసుకుని ఆకుల కోసం వీధిలోకి వెళ్ళాడు. మా వీధి ఆయనకి కొత్త. గేటు గేటు దగ్గరా ఆగి "మా చెల్లికి డెంగ్యూ అండీ, రెండాకులు కోసుకోమంటారా?" అని అడగడం నాకు కిటికీలోంచి వినపడుతూనే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి.

ఆ రసం గ్లాసు వదిన నా నోటి దగ్గర పట్టుకుంది. అంత చేదు నేనెప్పుడూ తాగలేదు. "గటగటా మింగీ, ఆలోచించకు," అంది. మింగాను. సాయంత్రం మళ్ళీ ఒక గ్లాసు. కాళ్ళు పడతానని వదిన అంటే వద్దని ముడుచుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా వెనకాల కూర్చుని ఏవో శ్లోకాలు చదువుకుంటోంది. దుప్పటి కింద నేను నిజంగానే చెమటలు కక్కుతున్నాను.

ఆదివారం పొద్దున్న పక్కింటి పిన్నిగారు వార్డు సచివాలయం నర్సమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. అన్నయ్య ఆకులడిగిన ఇళ్ళలో ఆవిడదీ ఒకటి. డెంగ్యూ మాట వినగానే ఆవిడే కబురు చేసిందట.

నర్సమ్మ స్టూలు మీద కూర్చుని సూది తీసింది. "చెయ్యివ్వండి మేడం. టెస్టు చేసేసి, పైకి రాసి పంపాలి. రేపట్నుంచి ఈ వీధిలో ఇంటింటికీ తిరిగి నీళ్ళ తొట్టెలవీ చూడాలి. ఎవరికైనా ఉందో ఏటో."

నేను చెయ్యి ఇవ్వలేదు.

"నాకు జ్వరం లేదండీ."

"తగ్గినా టెస్టు చెయ్యాలి మేడం."

"తగ్గడం కాదు. రాలేదు. అసలు జ్వరమే రాలేదు."

అన్నయ్య మళ్ళీ కోసుకొచ్చిన ఆకులు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. నవ్వాడు. "జ్వరం తలకెక్కిందేటే?" అన్నాడు.

"లేదన్నయ్యా. మీరొస్తారని... రావద్దని అబద్ధం చెప్పాను."

నర్సమ్మ సూది లోపల పెట్టేసుకుంది. పిన్నిగారు నన్నొకసారి, వదిననొకసారి చూసి "పొయ్యి మీద పాలున్నాయి" అంటూ వెళ్ళిపోయింది. మావారు ముందుకొచ్చి, "తప్పు నాది బావగారూ. నేనే అలా చెప్పమన్నాను," అన్నారు. నన్ను కాపాడ్డానికి అన్నారు పాపం.

"కాదు. నేనే చెప్పాను," అన్నాను.

అన్నయ్య ఆకులు కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఒక్క మాట చెప్తే లాడ్జిలో దిగేవాళ్ళం కదమ్మా," అని మాత్రం అన్నాడు. మావారు అప్పటికప్పుడు కారు మాట్లాడతానన్నారు. ఇప్పుడు బయల్దేరినా స్ట్రాబెర్రీ తోటలు, జలపాతం చూసి రావొచ్చన్నారు. "వద్దు బావా. ఇప్పుడు చూడాలనిపించటం లేదు," అన్నాడు అన్నయ్య.

వదిన అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి చూస్తే, రసం తీసిన మిక్సీ జారు తోముతోంది. ఎంత తోమినా ఆ పచ్చదనం పోవడం లేదు.

"వదినా, తిట్టు," అన్నాను.

"నిన్న నీ పక్కన కూర్చుని మొక్కుకున్నాను," అంది ఇటు తిరగకుండానే. "నీకు తగ్గితే అన్నవరం మెట్లెక్కి వస్తానని. ఇప్పుడు దాన్నేటి చెయ్యమంటావు?"

"జ్వరమే రాలేదు కదా, తీర్చక్కర్లేదేమో."

"అబద్ధం నువ్వు చెప్పేవు. నేను మొక్కింది నిజవే కదా."

జారు కడిగి బోర్లించి, బట్టలు సర్దుకోడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం వాళ్ళు అన్నవరం బయల్దేరితే, రమ్మని ఎవరూ అనకపోయినా, నేనూ తుని బస్సెక్కాను. మా ఊరి నుంచి అన్నవరం వెళ్ళాలన్నా, రాజమండ్రి రైలెక్కాలన్నా ముందు తునికే పోవాలి. అన్నయ్యా వదినా ఒక సీట్లో, నేను వెనక సీట్లో. టిక్కెట్టు ఎవరిది వాళ్ళం తీసుకున్నాం.

వదినకి మోకాళ్ళ నొప్పులు. మా ఇంటి డాబా మెట్లే ఎక్కలేదు. అన్నవరం కొండ కింద అన్నయ్య బస్సులో పైకి వెళ్ళిపోదామని ఎంత చెప్పినా వినలేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. నేను చెయ్యి అందిస్తే చూడనట్టే పైకి సాగింది. పక్కనుంచి కుర్రకారు నవ్వుకుంటూ పరుగుల మీద వెళ్ళిపోతున్నారు. సగం పైన ఒక మలుపులో కూలబడింది. అన్నయ్య నీళ్ళ సీసా కోసం ముందుకి వెళ్ళాడు.

"ఈ వారం నావల్ల కాదు వదినా అంటే నేనేటి అందును?" అంది ఆయాసపడుతూ. "ఏటీ అనకపోదును. ఏడాది నా దగ్గరున్నావు. ఆ ఒక్క మాట అనడానికి నా దగ్గర నీకు చనువు లేకపోయింది. అదే నాకు..." అని ఆపేసింది.

నేను ఏడిస్తే ఆవిడే నన్ను ఓదారుస్తుందని తెలిసి, ఏడవకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టుకున్నాను. కాసేపటికి లేవబోతూ చెయ్యి చాపింది. లేపాను. అక్కడి నుంచి పైదాకా నా భుజం మీద బరువేసే ఎక్కింది.

దర్శనం అయ్యాక ఆకు పొట్లంలో ప్రసాదం కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. "తిను. నిన్నట్నుంచీ నీకు చేదే తాగించేను," అంది. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అంది. గోధుమ రవ్వ, బెల్లం, నెయ్యి.

తర్వాతి చలికాలం రమ్మని నేనే ఫోన్ చేశాను. "చూద్దాంలే అమ్మా," అంది. రాలేదు. మిగతా చుట్టాలు మామూలుగానే వచ్చి మంచు చూసి వెళ్ళారు. అలిసిపోయిన వారం ఎవరైనా అడిగితే నావల్ల కాదనే చెబుతున్నాను. ఒకరిద్దరికి కోపం వచ్చింది కూడా.

ఈ వానాకాలం నాకు నిజంగానే డెంగ్యూ వచ్చింది. ఆస్పత్రిలో పడుకోబెట్టారు. మావారు ఫోన్ చేతిలో పట్టుకుని, "బావగారికి చెప్పనా?" అన్నారు. వద్దన్నాను. ఏ నోటితో చెప్పను? ఇంటికొచ్చాక ఎలా తెలిసిందో, వదినే ఫోన్ చేసింది.

"అంత జ్వరమొస్తే ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

"మీకు శ్రమెందుకని వదినా."

ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయని అడిగింది. చెప్పాను. ఏం తింటున్నావంది. చెప్పాను. చెబుతున్నంతసేపూ ఈవిడ నన్ను నమ్ముతోందా లేదా అనే ఆలోచనే నాకు. రిపోర్టు ఫొటో తీసి పంపనా అని కూడా అడగబోయాను.

వదిన నా మాట వినడం లేదు. ఫోన్ పక్కకి పెట్టి అన్నయ్యని అడుగుతోంది, పొద్దున్న తునికి రైలెన్నింటికి అని.