నల్లని పైత్యం

మొన్న సాయంత్రం మనవరాలు ఏదో పోటీ పరీక్షకు ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతూ, మెలాంకలీ అంటే ఏంది తాతా అని అడిగింది. దిగులమ్మా అని చెప్పి కళ్లు మూసుకున్నాను. అంతకన్నా చెప్పే ఓపిక లేకపోయింది. ఈ మధ్య దేనికీ ఉండటం లేదు. కానీ ఆ మాట నన్ను నంద్యాల కాలేజీకి తీసుకుపోయి మా ఇంగ్లీషు మాస్టారి ముందు కూర్చోబెట్టింది.

పూర్వం గ్రీకు వైద్యులు మనిషి ఒంట్లో నాలుగు ద్రవాలుంటాయని, వాటిలో నల్లని పైత్యం ఎక్కువైతే మనిషి దిగులులో పడిపోతాడని నమ్మేవారట; వాళ్ల భాషలో నలుపునూ పైత్యాన్నీ కలిపి అన్న మాటే ఇంగ్లీషులోకి వచ్చిందట. మాస్టారు పైత్యమనగానే నాకు ఆళ్లగడ్డలో మా ఇంట్లో ఉన్న అక్క గుర్తొచ్చింది. కాన్పుకు పుట్టింటికొచ్చిన అక్కకు బిడ్డ పుట్టీపుట్టగానే పోయాడు. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. అమ్మ పైత్యం చేసిందనుకుని అల్లం, జీలకర్ర కషాయం కాచి తాగించేది, చిన్నమ్మ నాటకాలనేది. బిడ్డ ఊసు మాత్రం, ఎత్తితే ఇంకా ఏడుస్తుందని, ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ శనివారం శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి ఊరికి పోయి, కిరాణా అంగట్లో ఉన్న నాయనకు ఇదంతా చెప్పాను.

“అయితే ఆ దేశపోళ్లు దీన్ని ఎట్ల నయం చేస్తాండ్రంట?” అన్నాడు.

మాస్టారు అది చెప్పలేదు. నాయన మిట్టమధ్యాహ్నం అంగడి మూసి ఇంటికొచ్చి అక్క పక్కన నేలమీద కూర్చున్నాడు.

“పిల్లోడు గుర్తొస్తాండాడామ్మా?”

అక్క ఇటు తిరగలేదు. “గుర్తొచ్చేదానికి ముఖమన్నా చూపీలేదు గదా నాయనా.”

ఆ బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోయింది నాయనే.

“నేను చూసినానమ్మా. అచ్చం నీ మాదిరే ఉండె. నెత్తి నిండా ఎంటికలు. చెయ్యి ఇట్ల మూసుకోనుండె,” అంటూ తన పిడికిలి మూసి చూపించాడు. అక్క లేచి కూర్చుని, ఆ పిడికిలిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

అంతటితో బాగైపోయిందని చెప్పను. వానాకాలం పోయాక అత్తగారింటికి వెళ్లింది, ఇద్దరు పిల్లల్ని కని పెంచింది, అప్పుడప్పుడు మళ్లీ మౌనంలో పడేది. నాయనా లేడు, అక్కా లేదు ఇప్పుడు.

నంద్యాలలో ఈ రోజుల్లో దిగులుకు డాక్టర్లున్నారు, మాత్రలున్నాయి; అక్క కాలానికే ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. పొద్దు వాలేవేళ నాకూ ఊరికే గుండె బరువెక్కుతుంది. ఇంట్లో ఎవరి గది వాళ్లది. ఏమనుకుంటారోనని నేనూ, తాత పడుకున్నాడులెమ్మని వాళ్లూ, తలుపులు తట్టుకోము.