దస్తీ వేసిన కుర్చీ

పొద్దున్నే అత్తమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "మీ మామ కుర్చీల కూసున్నడు బిడ్డా. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. లేస్తలేడు," అంది.

ఇంకెవరి గురించైనా అయితే ఆ మాట విని నేను స్థిమితంగా చాయ్ తాగేదాన్ని. మామ గురించి కాబట్టి గ్లాసు అక్కడే వదిలేసి చెప్పులు వేసుకున్నాను. ఆయన కూర్చున్నాడంటేనే ఏదో జరిగినట్టని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వెళ్ళేసరికి నిజంగానే కుర్చీలో ఉన్నాడు. దుకాణానికి పోవడానికి తయారై, ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చి, గుండె ఆగిందని చెప్పి వెళ్ళాడు. ఆ రెండో బూటు ఎవరు ఎక్కడ పెట్టారో, ఇప్పటికీ దొరకలేదు.

ఇది రాయడానికి కూర్చుని, నాలుగు మాటలు రాసి లేచిపోతున్నాను. ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాను. "మేనమామ పోలిక, ఎటుపోతది," అంటుంది మా అమ్మ. ఆయన మా అమ్మకు తమ్ముడు. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఆయనకో చిన్న ట్రావెల్స్ దుకాణం. జనాన్ని ఓడలెక్కించి సముద్రం మీద తిప్పుకు రావడం ఆయన పని. చుట్టుపక్కల ఎక్కడా ఉప్పునీటి వాసన తగలని ఊళ్ళో ఓడల వ్యాపారమేమిటని మీకు నవ్వు రావచ్చు. మాకూ వచ్చేది.

దుకాణం పెట్టకముందు మామ ఒక ఎరువుల కంపెనీలో సేల్స్ పని చేసేవాడు. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ విహారానికి పంపేది. ఒక ఏడాది అందరినీ సింగపూర్ తీసుకుపోయి అక్కడ ఓడ ఎక్కించమంది. వరంగల్, కేసముద్రం, డోర్నకల్ డీలర్లు, అందరూ మగవాళ్ళే. చాలామందికి విమానం అదే మొదలు, ఓడ అదే మొదలు. వాళ్ళను మామ వెంట పంపారు. ఆయనకూ రెండూ మొదలే.

ఆ రోజుల్లో ఓడ మీద ఒక సాయంత్రం కెప్టెన్ విందు ఉండేదట. కోటు లేనిదే లోపలికి రానిచ్చేవారు కాదు. ఈ సంగతి మామకు ప్రయాణానికి ముందు రోజు తెలిసింది. అంతమందికి కోట్లు కుట్టించే వ్యవధి ఎక్కడిది? పెళ్ళి ఊరేగింపుల్లో వాయించే బ్యాండ్ మేళం దుకాణానికి పోయి, ఉన్న కోట్లన్నీ కిరాయికి తెచ్చాడు. ఎర్రవి, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. విందు రాత్రి మా డీలర్లు వరసగా లోపలికి నడిచారు. ఒక తెల్ల ముసలామె లేచి వచ్చి, మొదట ఏ పాట వాయిస్తారని మర్యాదగా అడిగింది. మామ ఏమీ తడుముకోకుండా, తిన్న తర్వాతే వాయిస్తామని చెప్పాడు. తిన్న తర్వాత కేసముద్రం డీలరొకాయన నిజంగానే ఒక బతుకమ్మ పాట ఎత్తుకున్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారట. ఈ కథ మామ చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొంచెం పెరిగేవి.

దస్తీ కథ కూడా ఆ ఓడలోనే మొదలైంది. బస్సు స్టాండులో ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ, అంటే జేబురుమాలు, విసిరి చోటు పట్టడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. డెక్ మీద సముద్రం వైపు వేసి ఉన్న కుర్చీలు చూడగానే డీలర్ల చేతులు ఊరుకోలేదు. అందరూ తలా ఒక దస్తీ వేసేసి టిఫిన్‌కు పోయారు. తిరిగి వచ్చేసరికి దస్తీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. దొరలూ దొరసానులూ వాటి పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. మామకు అది ఎంత గొప్పగా తోచిందో! "భాష తెల్వకపోయినా దస్తీ అంటె ఏందో ఆల్లకు సుత ఎరికే బిడ్డా. దస్తీ ఏసినంక మనిషి ఉన్నట్టే లెక్క," అనేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే రకం దస్తీ, పచ్చ గళ్ళది.

అప్పుడు ఓడ కదిలిందంటే ఊరితో మాట బంద్. ఓడలో ఒక ఫోన్ ఉండేదట, ఉపగ్రహం మీద పనిచేసేది, నిమిషానికయ్యే ఖర్చు ప్రాణం తీసేది. డోర్నకల్ డీలరు ఒకాయన క్యూలో నిలబడి, వంతు రాగానే "వాన వడ్డదా?" అని ఒక్క మాట అడిగి, జవాబు విని పెట్టేశాడు. పడిందట. ఆ రోజంతా ఆయన డెక్ మీద కూర్చుని సముద్రాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాడని మామ చెప్పేవాడు. చేయడానికి వేరే పని కూడా లేదు. రేవు నుంచి ఓడ బయలుదేరుతుంటే అందరూ రెయిలింగు దగ్గరికి పోయి, ఒడ్డున నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకు చేతులూపేవారు. వాళ్ళూ తిరిగి ఊపేవారు.

తర్వాత మామ ఉద్యోగం మానేసి దుకాణం పెట్టాడు. డీలర్లు ఈసారి భార్యలను తీసుకుపోతామన్నారు. పచ్చళ్ళ డబ్బాలు, కారప్పొడి, మడత పెట్టిన పట్టుచీరలు ఓడెక్కాయి. ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత అమ్మమ్మలూ తాతయ్యలూ. సింగపూర్ దాకా పోనక్కరలేదు, మన ఓడరేవుల నుంచే ఓడలొచ్చాయి. కోట్లు పోయి లాగులు వచ్చాయి. కెప్టెన్ విందు పోయి దోసెల క్యూ వచ్చింది. ఓడ మీద నీటి జారుడుబల్లలు, గోడలెక్కే ఆటలు, తెల్లవార్లూ పాటలు. ఓడ ఏ ఊరు పోతుందని ఇప్పుడు ఎవరూ అడగడం లేదనీ, ఓడలో ఏమేమున్నాయనే అడుగుతున్నారనీ మామ అనేవాడు. "అప్పుడు సముద్రం సూద్దామని ఓడ ఎక్కేటోల్లు. ఇప్పుడు ఓడ సూద్దామని సముద్రం మీదికి పోతాన్రు."

ఇంతమందిని తీసుకుపోయిన మనిషి అత్తమ్మను మాత్రం ఎన్నడూ తీసుకుపోలేదు. అడిగితే, "నువ్వొస్తె నిన్ను సూసుకోవాల్నా, ఆల్లను సూసుకోవాల్నా?" అనేవాడు.

"నన్ను సూసుకునుడేంది? నేను నీల్లు సూస్త. నువ్వు పక్కన కూసో, సాలు," అనేది అత్తమ్మ.

ఆమె కోరిక ఇంతే. కానీ కూర్చోవడమే ఆయనకు చేతకాని పని. పెళ్ళిళ్ళలో వడ్డించేవాడు, సినిమా హాల్లో తలుపు దగ్గర నిలబడేవాడు. తన పెళ్ళిలో కూడా తలంబ్రాల మధ్యలో లేచి, వంటవాళ్ళకు ఉప్పు సంగతి చెప్పి వచ్చాడని అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. చుట్టూ ఎవరికైనా ఏదైనా తోచకపోతే మామ కాళ్ళు తమంతట తామే లేచేవి. దాన్ని మంచితనమని ఊరంతా మెచ్చుకుంది. నిజంగా మంచితనమే, కాదనను. కానీ ఆ మంచితనానికి పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ కుర్చీ ఉండేది. దాని పక్కన అత్తమ్మ కూర్చుని ఉండేది.

నిరుడు దుకాణం కొడుక్కి, అంటే మా బావకు అప్పజెప్పాడు, అయినా రోజూ పొద్దున ఒకసారి పోయివచ్చేవాడు. చెన్నై నుంచి బయలుదేరే ఒక ఓడకు నేనే టికెట్లు తీశాను. మామ, అత్తమ్మ, తోడుగా నేను. వెంట గుంపు లేదు, డీలర్లు లేరు. ఇక లేవడానికి సాకేముందని నా ధీమా.

మాకు దొరికిన గదికి కిటికీ లేదు. దాని బదులు గోడకు ఒక టీవీ, అందులో సముద్రం. అత్తమ్మ దానివైపు చూసి, "గిది మనింట్ల సూస్తె రాదా?" అంది. అందుకే పొద్దస్తమానం డెక్ మీదికి పోవలసి వచ్చేది. డెక్ అంతా జాతర. పాటల హోరు, పిల్లల కేకలు, ఎత్తిన ఫోన్లు. రేవు దాటేటప్పుడు మామ ఒక్కడే ఒడ్డుకు చెయ్యి ఊపాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా ఫోన్లలోంచే చూస్తున్నారు.

మొదటి సాయంత్రం నీళ్ళకు ఎదురుగా రెండు కుర్చీలు పట్టాడు. కూర్చున్నాడు కూడా. ఇంతలో పక్కన ఒక పెద్దాయన ఫోన్ తిప్పుతూ, నొక్కుతూ, అవస్థ పడుతున్నాడు. ఈ కాలపు ఓడలో అన్నం బల్ల కావాలన్నా, ఆట చూడాలన్నా, ప్రమాదమొస్తే ఎటు పరుగెత్తాలో తెలుసుకోవాలన్నా ఫోన్‌లోనే. మామ కుర్చీ మీద పచ్చ గళ్ళ దస్తీ వేశాడు. "జర ఇప్పుడే వస్త," అన్నాడు.

ఓడలో పనిచేసే ఒకామె వచ్చి ఆ కుర్చీకి ఒక కాగితం అంటించి, దాని మీద టైము రాసింది. మనిషి రాకపోతే వేసినది తీసేస్తారట. ఇప్పటి నియమం అది. "మా ఆయన వస్తాండు," అని అత్తమ్మ తెలుగులో చెప్పింది. ఆమె నవ్వి తలూపింది. కాసేపాగి మళ్ళీ వచ్చి దస్తీ తీసుకుపోయింది. మర్నాడు పొద్దున పోయిన వస్తువుల కౌంటరుకు పోతే, చెప్పులూ నల్లకళ్ళద్దాలూ ఉన్న డబ్బాలో పచ్చ గళ్ళ దస్తీ చక్కగా మడిచి ఉంది.

మామ మొదట నవ్వాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "దస్తీకి ఇజ్జత్ లేకుంటయింది బిడ్డా," అన్నాడు. ఓడల్లో వచ్చిన ఏ మార్పూ ఆయన్ను అంత బాధపెట్టగా నేను చూడలేదు. నాకు మాత్రం ఓడ మీద కోపం రాలేదు. మామ మీద వచ్చింది.

చివరి సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "మామా, ఇయ్యాల లేస్తె ఊకోను," అన్నాను. కూర్చున్నాడు. మోకాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. సూర్యుడు నీళ్ళ మీదికి దిగుతున్నాడు. అత్తమ్మ కొంగు సవరించుకుని అప్పుడే ఏదో చెప్పబోయింది. వెనక ఎక్కడో ఒక పాప అమ్మ కనబడక ఏడ్చింది. మామ నావైపు చూశాడు, అత్తమ్మవైపు చూశాడు. దస్తీ వేసి లేచిపోయాడు. ఆ పాపను ఎవరో ఒకరు చూసేవారే. ఆయన కాకపోయినా చూసేవారే!

అంటించిన కాగితాన్ని ఈసారి అత్తమ్మ గోటితో గీకి పీకేసింది. దస్తీ మీద చెయ్యి వేసి కూర్చుంది. మామ వచ్చేసరికి చీకటి పడింది.

"ఏం కనవడ్తలేదు గదనే," అన్నాడు కూర్చుంటూ.

"నీల్లు ఆడనే ఉన్నయి. నువ్వే లేవు," అంది అత్తమ్మ.

రేపు పొద్దున చూద్దామన్నాడు. పొద్దున లేచేసరికి ఓడ రేవులో నిలిచి ఉంది. ఎదురుగా క్రేన్లు, ఇనుప పెట్టెలు. "వచ్చే సలికాలం మల్ల పోదాం. ఈసారి నన్ను కుర్చీకి కట్టేయున్రి," అని రైల్లో వరంగల్ దాకా మమ్మల్ని నవ్విస్తూనే వచ్చాడు. నవ్విస్తున్నంతసేపూ బోగీ అంతా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ చలికాలం రాలేదు.

అస్థికలు కాళేశ్వరంలో గోదావరిలో కలపాలి. బావ కారు మాట్లాడాడు. అత్తమ్మ వద్దంది. "ఆయిన బస్సుల పోయెటోడు. బస్సుల్నే పోదాం," అంది. బస్టాండులో మేము నిలబడి ఉండగా బస్సు మలుపు తిరిగింది. జనం ఎగబడ్డారు. మోకాళ్ళ నొప్పుల మనిషి అత్తమ్మ, ఎప్పుడు ముందుకు పోయిందో తెలియదు, మడమలెత్తి నిలబడి కిటికీలోంచి పచ్చ గళ్ళ దస్తీ విసిరింది. లోపలికి పోయి చూస్తే ఇద్దరు కూర్చునే సీటు మీద అది పరుచుకుని ఉంది. ఎవరూ ముట్టలేదు.

తెల్లబట్టలో కట్టిన కుండను కిటికీ పక్కన పెట్టి, దాని మీద ఆ దస్తీ కప్పింది. తను పక్కన కూర్చుంది. బావా, నేనూ వెనక సీట్లో కూర్చున్నాం.

కండక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం కాబట్టి అత్తమ్మ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ ఇచ్చింది.

"మొగోల్లది ఒకటి కొట్టు బిడ్డా," అంది అత్తమ్మ.

"ఎవలకమ్మా?"

అత్తమ్మ కిటికీ వైపు చూపించింది. కండక్టరమ్మ ఆ తెల్లబట్టను చూసింది. మెషీను నొక్కి, కాగితం చింపి, అత్తమ్మ చేతిలో మెల్లగా పెట్టి ముందుకు పోయింది.

పరకాలలో బస్సు కిక్కిరిసింది. గంప పట్టుకున్న ఒకామె వంగి, "గీడ ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఉన్నరు," అంది అత్తమ్మ. ఆమె గంప కింద పెట్టి అక్కడే రాడ్ పట్టుకుని నిలబడింది.

దారి పొడుగునా గతుకులు. అత్తమ్మ ఒక చెయ్యి కుండ మీద ఉంచింది. నేను వెనకనుంచి ఆమె భుజాన్నే చూస్తూ వచ్చాను. ఇంత దూరం ఆయన లేవకుండా ఆమె పక్కన ప్రయాణం చేయడం అదే మొదలు. నాకప్పుడు వచ్చిన ఏడుపు ఇంటి దగ్గర కూడా రాలేదు.

కాళేశ్వరం దగ్గరపడుతుండగా చెట్ల సందుల్లో గోదావరి తళుక్కుమంది. అత్తమ్మ కిటికీ అద్దం జరిపింది. కుండ మీద కప్పిన దస్తీని కొంచెం పక్కకు తీసింది.

"ఇగో, నీల్లు వచ్చినయి," అంది. "ఇప్పుడు సూడు."