హయాషి సారు నాలుక కాలవెట్టిన రోజు

ఇది చదివినంక మీరు నన్ను మీ ఇంటికి అన్నానికి పిలువరు. పిలిచినా గంటె మాత్రం నా చేతికియ్యరు. ఎందుకంటె ఒక్క పూటల, ఒక్క గంటెతోటి, ఒక పెద్దమనిషి బతుకుదెరువును మంటగలిపినదాన్ని నేను. ఆయన నాకేం పగోడు గాదు. సముద్రాలు దాటి మన హైదరాబాదుకొచ్చిన పాపమనిపిచ్చే మనిషి.

తెలంగాణ కొట్లాట జోరుమీదున్న రోజులవి. వారంల ఒకరోజు బంద్, ఒకరోజు ధర్నా, మిగిలిన రోజులు రేపు బంద్ ఉంటదా ఉండదా అని ముచ్చట. నేను ఇంటర్ల ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక చీరెల దుకాణంల నిలబడ్డ. నిలబడ్డ అంటె నిజంగ నిలబడుడే. పొద్దుగాల పదింటి నుంచి "అక్కా, ఈ రంగు మీకు మస్తుంటది" అనుకుంట. కూసుందామంటె స్టూలు గూడ లేదు. ఇంటికొచ్చేవరకు కాళ్ళు ఉబ్బి సొరకాయలైతుండె.

ఒకరోజు చైతన్యపురిల కరెంటు స్తంభం మీద కాయితం చూసిన. "మూడు నెలల్లో జపాన్ భాష. ఉద్యోగం ఖాయం." ఇంగ్లీషే రానిదానికి జపాన్ ఏందే అంటరా? ఇంగ్లీషు రాదని నోరు తెరిస్తె అందరికి తెలుస్తది. జపాన్ రాదని ఎవలకు తెలుస్తది చెప్పుండ్రి?

సదువు చెప్పేది వరలక్ష్మి మేడం. భీమవరమామె. పెనిమిటి ఉద్యోగం మీద ఆరేండ్లు జపాన్‌ల ఉండి వచ్చింది. ఆడపిల్లల హాస్టల్ మీద ఒక రేకుల గదిల క్లాసు. ఆమెకు ఒక్కటే బాధ.

"ఒక్కో మాటకి ఒక్కో అర్థం రాసేసుకుని సంబరపడిపోకండమ్మా! సుమిమాసెన్ అంటే క్షమించమని, ఇలా చూడండి అని, థాంక్సని కూడాను. ఎవరు, ఎక్కడ, ఎందుకంటున్నారో చూడాలి. మాటకి మాట అతికిస్తే అతుకుల బొంతవుతుంది."

నేనేం చేసిన? మొదటి అర్థం రాసుకొని, రెండోదానికి పక్కన జాగ ఇడిసిపెట్టిన. ఆ జాగ ఇప్పటికీ ఖాళీనే.

ఒక్కటి మాత్రం మంచిగ నేర్సుకున్న. "జపాన్ వాళ్ళు వద్దని మొహం మీద అనరు. చోత్తో అని ఆగిపోతారు. చోత్తో అంటే కొంచెం అని పుస్తకంలో ఉంటుంది. కానీ అలా ఆగిపోయారంటే వద్దనే. తెలిసిందా స్వరూపా?"

"తెలిసింది మేడం!"

తెలిసింది. ఒట్టు, తెలిసింది. తెలువక చేసిన తప్పైతె నేనింత సిగ్గుపడకపోదును.

మూడు నెలలు గాకముందే పొద్దుగాల ఏడింటికి మేడం ఫోన్. మూలుగుకుంట మాట్లాడుతుంది.

"స్వరూపా, నాకు ఒళ్ళు కాలిపోతోందమ్మా. జపాన్ నుంచి హయాషి గారని ఒకాయనొచ్చారు. నాదర్‌గుల్ దగ్గర కారప్పొడి ఫ్యాక్టరీకి పన్నెండింటికల్లా వెళ్ళాలి. బందు కదా, ఫ్యాక్టరీ జీపు ఎల్‌బీ నగర్ చౌరస్తా అవతలే ఆగుతుందిట. దిల్‌సుఖ్‌నగర్ లాడ్జి నుంచి అక్కడిదాకా నువ్వు నడిపించుకెళ్ళి, తోడుండు. ఇవాళ సక్రమంగా జరిగితే ఫ్యాక్టరీ ఓనరు ప్రభాకర్ గారు నిన్నే ఉద్యోగంలో పెట్టుకుంటానన్నారు."

"కూసొని చేసే నౌకరేనా మేడం?"

"కుర్చీ, టేబులూ, ఫ్యానూ!"

ఫ్యాన్ అనంగనే నేను చెప్పులేసుకున్న.

హయాషి సారు సన్నగ, తెల్లటి చొక్కల, ఇస్త్రీ చేసిన కాయితం లెక్కున్నడు. నన్ను చూసి నడుము దాకా వంగిండు. నేను ఇంకా కిందికి వంగిన. ఆయన మళ్ళ వంగిండు. లాడ్జి వాచ్‌మన్ ఆపకపోతె ఇద్దరం నేలకు తాకుదుము.

రోడ్డు మీద పురుగు లేదు. షట్టర్లన్ని బంద్. నడుసుకుంట సంచిలకెంచి అరటిపండు తీసిచ్చిన.

"చోత్తో..." అని ఆగి, నవ్విండు.

కొత్తపేట కాడ సగం షట్టర్ తెరిచినాయన దగ్గర చాయ్ తెచ్చిన. "చోత్తో..." మళ్ళ ఆగిండు. తన సీసల నీళ్ళతోటి నోరు పుక్కిలిచ్చి ఉమ్మిండు గంతె.

పొద్దటి నుంచి ఏం తినలేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. "వద్దంటుండు" అని మెదడు చెప్తనే ఉంది. కని మన దగ్గర ఎవలన్న మొదటిసారే "పెట్టుండ్రి" అంటరా? అనరు గద. వద్దు వద్దనుకుంటనే పీట మీద కూసుంటరు. జపానైతేంది, కడుపు కడుపే, మొహమాటం మొహమాటమే. గిది నా శాస్త్రం.

ఎల్‌బీ నగర్ చౌరస్తా కాడికి పోయేవరకు రోడ్డు మీద వంటా వార్పు. నడి రోడ్డు మీద పొయ్యిలు, ఈ చివర డప్పులు, ఆ చివర ఇస్తరాకులు. రాస్త ఆపాలె, వండుకోవాలె, తినాలె, జై తెలంగాణ అనాలె. గంటె పట్టుకొని నిలబడ్డది మా గల్లీ ఆటో యాదగిరి మామ.

"ఓ స్వరూపా! యాడికే? ఈయనెవలు, చైనాయనా?"

"జపాన్ మామా. జర పోనియ్యి, ఆల్శమైతుంది."

"పోనియ్యక పట్టుకుంటమా? కని వంటా వార్పు కాడికొచ్చిన మనిషి ఉత్త కడుపుతోటి పోతె మా ఇజ్జత్ ఏం గావాలె? తినిపొమ్మను."

నేను జపాన్ భాషల అడిగిన. హయాషి సారు గుండిగల దిక్కు చూసి రెండడుగులు వెనుకకేసిండు.

"చోత్తో..."

"ఏమంటుండే?"

అగో, గాడ. గాడ నేను "వద్దంటుండు మామా" అంటె అయిపోతుండె. నా నోట్లకెంచి వచ్చిందేంది?

"మొహమాటపడుతుండు మామా. పెట్టుండ్రి!"

హయాషి సారు మొహం తెల్లవోయింది. నోటి కింద గదువ దిక్కు వేలు చూపిచ్చుకుంట, "షితా... షిగోతో..." అని ఏందో గబగబ చెప్పవట్టిండు. నేను నా బుక్కును మనసుల తిరగేసిన. షితా అంటె కింద. షిగోతో అంటె పని. కింద... పని. ఆహా!

"మామా, కింద కూసునుడు ఆయనతోని అయ్యే పని గాదట. కుర్చీ తెండ్రి!"

షామియానా కింద లీడర్ల కోసం ఏసిన కుర్చీ తెచ్చి, భుజాలు పట్టి కూసోబెట్టిండ్రు. ఒళ్ళె ఇస్తరాకు. అన్నం, పప్పు, వంకాయ కూర, దాని పక్కపొంటి యాదగిరి మామ పెండ్లాం నూరిన ఎల్లిపాయ కారం. ఆ కారం చూస్తేనే మా గల్లీల పిల్లలు అల్లరి మానుతరు.

మొదటి ముద్దకు చెవులు ఎర్రగైనై. రెండో ముద్దకు కండ్లల్ల నీళ్ళు. కని పెద్దమనిషి నవ్వు మొహంతోటి "ఓఇషీ" అన్నడు.

"మంచిగున్నదంటుండు మామా!"

డప్పులోళ్ళు ఇంకింత గట్టిగ కొట్టిండ్రు. వాళ్ళ దేశంల పెట్టింది మిగిలిస్తె మర్యాద గాదంట, ఇది నాకు తర్వాత తెలిసింది. ఆయన మర్యాదకు ఆకు ఖాళీ చేస్తుండు. మనకేమో ఖాళీ ఆకు చూస్తె నామోషి. ఆయన ఊడుస్తుండు, నేను గంటె గుంజుకొని ఏస్తున్న. అడగంది అమ్మైనా పెట్టదంటరు గద, అడగకున్నా, వద్దన్నా, ఏడ్సినా పెట్టిన నేను. మూడోసారి కారం ఏసేటప్పుడు ఆ మనిషి నా దిక్కు చూసిన చూపు, కసాయి దిక్కు మేక చూసిన చూపు.

గప్పుడు డప్పులు ఆగినై. నా సంచిల ఫోన్ మోగుతుంది. తీసి చూస్తె తొమ్మిదిసార్లు చేసింది మేడం.

"ఎక్కడున్నావే? ఒక్కమాట చెప్పడం మర్చిపోయాను. ఆయనకి తిండి పెట్టకు, టీ కూడా వద్దు. ఆయన పనే రుచి చూడ్డం! కారప్పొడి నాలుక మీద వేసుకుని బాగుందో లేదో చెప్పాలి. ప్రొద్దుట్నుంచీ నాలుక శుభ్రంగా ఉంచుకుంటారు. విన్నావా?"

నా చేతిల గంటె. గంటె నిండ ఎల్లిపాయ కారం.

"మేడం... షితా అంటె కింద గద?"

"నాలుక కూడాను! ఎందుకూ?"

షితా, షిగోతో. నాలుకే నా పని అన్నడు ఆయన. నేను కుర్చీ ఏయించిన.

"స్వరూపా? ఏం చేశావే నువ్వు?"

గంటె కింద పడ్డది. ఆ సప్పుడుకు యాదగిరి మామ ఉలిక్కిపడి, "ఏందే, పోలీసులొచ్చిండ్రా?" అన్నడు. పోలీసులొచ్చినా బాగుండు, నన్ను పట్టుకపోదురు.

జీపు ఎక్కినంక ఆయన నోరు తెరిచి గాలి పట్టుకుంట కూసున్నడు. కార్ఖానల ప్రభాకర్ సారు మూడు పింగాణి గిన్నెలల్ల మూడు తీర్ల కారప్పొడి పెట్టి, కొత్త చొక్క ఏసుకొని నిలబడ్డడు. హయాషి సారు మెచ్చి జపాన్ ఆర్డరొస్తె కొత్త మిషిన్ తెద్దామని ఆయన ఆశ.

హయాషి సారు మొదటి గిన్నెలకెంచి చిటికెడు ఏసుకున్నడు. రెండోది. మూడోది. మళ్ళ మొదటిది. ఆఖరికి నడుము దాకా వంగి ఏందో చెప్పిండు. నాకు సమజైంది. "తప్పు నాది, పొద్దున తిన్న, ఈయాల నా నాలుక చెప్పలేదు." నా పేరు ఎత్తలేదు!

"ఏమన్నడమ్మా?" ప్రభాకర్ సారు చేతులు నలుపుకుంటుండు.

ఆయన తప్పు అని చెప్తె నా కుర్చీ, టేబులు, ఫ్యాను ఖాయం. కని ఆ తెల్ల చొక్క మీద పప్పు మరకలు చూస్తుంటె నా నోరు ఊకోలేదు.

"తప్పు నాదంటుండు సార్. కని తప్పు నాది సార్. నేనే కొసరి కొసరి తినిపిచ్చిన."

ప్రభాకర్ సారు గిన్నెలు పక్కకు జరిపి నా మీదికొచ్చిండు.

"నాలుకను తీస్కరమ్మంటె రోడ్డు మీద కాల్చి తెచ్చినవా! ఏందమ్మా ఇది? పగోడు గూడ చెయ్యడు గద!"

రెండు రోజులు హయాషి సారు పెరుగన్నం తిని పండుకున్నడు. మూడోరోజు జ్వరం తగ్గిన మేడం, నన్ను చెయ్యి పట్టి కార్ఖానకు గుంజుకపోయింది. "క్షమాపణ చెప్పుకో, తర్వాత నీ ఖర్మ." ఆ రోజు హయాషి సారు నాలుక నాలుకలెక్క పనిచేసింది. రెండో గిన్నె నచ్చింది. ఆర్డర్ మీద సంతకమైంది.

ఇగ మన దగ్గర సంతకమైతె ఊకుంటరా? ప్రభాకర్ సారు పళ్ళెం నిండ మిర్చి బజ్జీలు తెప్పిచ్చిండు. పొగలు కక్కుతున్నై. హయాషి సారు పళ్ళెం చూసిండు. నన్ను చూసిండు. జేబుల నుంచి చిన్న చీటి తీసి, గట్టిగ, స్పష్టంగ, తెలుగుల చదివిండు.

"వ-ద్దు."

మేడం రాసిచ్చిందట, ఆయనే అడిగి రాయించుకున్నడట.

ప్రభాకర్ సారు నవ్విండు. "మొహమాటం మనోళ్ళకన్న ఎక్కువున్నదే ఈయనకు! పెట్టమ్మా, నువ్వే పెట్టు. నీ చేతికి అలవాటే గద!"

పళ్ళెం నా చేతిల పెట్టిండు. పెట్టకపోతె సారుకు కోపం. పెడితె ఆ పెద్దమనిషి పానం. నేను ఒక బజ్జీ తీసి నా నోట్ల పెట్టుకున్న. ఇంకోటి. ఇంకోటి. ఎనిమిది బజ్జీలు, నిలబడి, కండ్లల్ల నీళ్ళు కారంగ, అందరి ముందట తిన్న. మేడం నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ప్రభాకర్ సారు గోడకు ఒరిగిండు.

హయాషి సారు లేచి, నాకు నడుము దాకా వంగి, "ఈ అమ్మాయికి ఇప్పుడు నా మాట పూర్తిగా అర్థమైంది" అన్నడని మేడం తర్జుమా చేసింది. ఆ మాట మీదనే ప్రభాకర్ సారు నౌకరిచ్చిండు; కుర్చీ, టేబులు, ఫ్యాను అట్ల వచ్చినై. ఫ్యాను తిరగదు, అది వేరే కత.

అందుకే ఎల్‌బీ నగర్ చౌరస్తా మీద ఒట్టేసి చెప్తున్న. ఇగ ఈ జన్మల ఎవలన్న, ఏ భాషలనన్న, "వద్దు" అంటె పెట్ట. "కొంచెం" అన్నా పెట్ట. "అమ్మా, ఆకలైతుంది, పెట్టు" అని కాళ్ళు పట్టుకున్నా, ముందుగాల ఏం పని చేస్తరో కాయితం మీద రాసియ్యమంట, గప్పుడు చూస్త.