నాలుగో వరుస ఎవరిది? చింతామణి నుంచి గుడిబండె మీదుగా బాగేపల్లికి ఒక ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం నా నోరే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్న టీచర్ని నేను. చింతామణిలో ఒక హైస్కూల్లో నా సబ్జెక్టు చరిత్ర. డిసెంబరు మొదటి వారంలో స్టాఫ్ రూములో టీ తాగుతుంటే క్రిస్మస్ సెలవుల మాట వచ్చింది. ఒక సహోద్యోగి నవ్వుతూ, "యేసు అనేటోడు ఉండినాడనేదానికి దాఖలె ఏముండాది? అంతా కట్టుకథ" అన్నాడు. దాఖలె అంటే మా వైపు ఆఫీసులో చూపించే రుజువు. నా పక్కన కూర్చున్న రాహేలమ్మ గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు చూసింది. ఆమె సైన్సు టీచరు, నా స్నేహితురాలు, క్రైస్తవురాలు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. నాది ఆ మతం కాదు, కానీ చరిత్ర నా ఇల్లు. ఇంట్లోకి వచ్చి ఎవరో చెత్త వేస్తే ఊరుకుంటామా? బెల్లు కొట్టేదాకా వాయించి వదిలాను.

ఆ సంగతి రాహేలమ్మ వాళ్ల నాయన దేవదానప్పకు చేరింది. ఎనభై నాలుగేళ్ల పెద్దమనిషి. బాగేపల్లి నుంచి చేళూరుకు పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో ప్రార్థన మందిరాన్ని యాభై ఏళ్లుగా నడిపిస్తున్నాడు. "ఆ టీచరమ్మను పిలుచుకుని రా, ఇక్కడ మా పిల్లోళ్లకు చెప్పమను" అన్నాడట. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అప్పుడు రాహేలమ్మ మెల్లగా అసలు విషయం చెప్పింది. వాళ్ల నాయన దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. అందులో సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి ఒక యూదు చరిత్రకారుడి మాటలు రాసి పెట్టుకున్నాడు. ఆ చరిత్రకారుడు క్రైస్తవుడు కాదు. అయినా యేసే దేవుడు పంపిన అభిషిక్తుడనీ, మూడో రోజు మళ్లీ సజీవంగా కనిపించాడనీ రాశాడని అందులో ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ దేవదానప్ప దాన్ని చదివి వినిపిస్తాడు. "నాయనకు ఆ రెండు లైన్లంటే ప్రాణం. వాటి సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన ముందర ఎత్తొద్దు" అంది రాహేలమ్మ.

మాకు తెలిసిన సంగతి ఇది. ఆ చరిత్రకారుడు యేసు గురించి నిజంగానే కొంత రాశాడని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ రెండు భక్తి వాక్యాలు మాత్రం ఆయనవి కావనీ, తర్వాతి కాలంలో ప్రతులు రాసుకున్న క్రైస్తవులు చేర్చినవనీ అంటారు. చెబితే ఆ ముసలాయన మనసు విరుగుతుంది. చెప్పకపోతే నేను చరిత్ర టీచర్ననే మాటకు అర్థం లేదు. అయినా స్నేహితురాలికి మాట ఇచ్చాను, దాటేస్తానని.

ఆదివారం పొద్దున ఆరింటికి చింతామణిలో బస్సెక్కాను. మా రాష్ట్రంలో సర్కారు బస్సులో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ప్రైవేటు బస్సెక్కితే మాత్రం డబ్బు ఇవ్వాల్సిందే. శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురానికి గంటంబావు పట్టింది. మంచులో కొండలు సగం దాకే కనిపిస్తున్నాయి. బస్టాండు పక్క హోటల్లో పళ్లెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీలు రెండు తిన్నాను. వడ్డించే ఆమె నా భుజాన ఉన్న సంచీ చూసి, "యా ఊరికి పోతాండావమ్మా, ఇంత పొద్దున్నే?" అని అడిగింది. గుడిబండె అన్నాను. అక్కడ కొండ మీద పాత కోట ఉంది. "కొండెక్కేదానికా? అయితే ఇంకొకటి తిను. ఆ మెట్లు సగంలోనే ఆకలైతాది" అంది. కొండెక్కే పని లేకపోయినా ఇంకొకటి తిన్నాను. చట్నీ అంత బాగుంది.

గుడిబండె నేరుగా మా దారిలో లేదు. అక్కడికి పోవడానికి కారణం నా గొప్ప. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా చిన్నాయన మల్బరీ తోట గట్టున ఒక వీరగల్లు ఉంది. ఆవుల మందను కాపాడుతూ చచ్చిపోయిన వీరుడి కోసం నిలిపిన రాయి. కింద ఆవులు, మధ్యలో కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు. ఆ వీరుడే మా వంశానికి మూలపురుషుడు తిమ్మప్ప అని, ఆ పేరు రాతి మీదే ఉందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. రాతిమీద నాలుగు వరుసల రాత ఉంది. పై మూడు వరుసలూ అరిగిపోయాయి. నాలుగోది మాత్రం చక్కగా కనిపిస్తుంది, అందులో తిమ్మప్ప పేరుంది. ఆధారం అంటే ఏమిటో క్లాసులో చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఆ ఫోటోనే చూపిస్తాను. సాయంత్రం మందిరంలో కూడా దానితోనే మొదలుపెట్టాలని, కొత్త ఫోటో తీసుకోవడానికి వెళ్లాను.

గుడిబండె బస్టాండులో ఆటో మాట్లాడుకున్నాను. పోను రాను, కాసేపు ఆగను కలిపి మూడు వందలు అడిగాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. "యాడికమ్మా?" అన్నాడు. వీరగల్లు అంటే అర్థం కాలేదు. మా చిన్నాయన తోట గుర్తులు చెబితే, "ఓ, ఆ నూనె రాయా! మీ వంశస్థుల రాయంట కదా. పేరు గూడా రాసుండాదంట" అన్నాడు. ఆటోలో ఉన్నా నా వీపు నిటారుగా లేచింది.

చిన్నాయన నారాయణప్ప పట్టుపురుగులకు ఆకు వేసి అప్పుడే బయటికి వచ్చాడు. డెబ్బై ఆరేళ్లున్నా గట్టు మీద నాకన్నా చురుగ్గా నడుస్తాడు. నేను రాతికున్న పసుపు, నూనె జిడ్డు తడిగుడ్డతో తుడుస్తూ, సాయంత్రం ఎక్కడ మాట్లాడబోతున్నానో, ఫోటో దేనికో ఉత్సాహంగా చెప్పాను. ఆయన మొహం మారిపోయింది.

"అమ్మా, ఈ ఫోటో ఆడ చూపించొద్దు."

"ఎందుకు చిన్నాయనా?"

ఆయన రాతి వైపు వేలు చూపించాడు. "ఆ ఫోన్లో లైటు వెయ్యి. ఎదురుగా కాదు, రాతికి ఆనించి పక్క నుంచి పట్టు" అన్నాడు. చింతచెట్టు నీడలో కూర్చుని అలాగే పట్టాను. పై మూడు వరుసల అక్షరాల అంచులు మెత్తగా, గుండ్రంగా, నీడ పడీ పడనట్టుగా ఉన్నాయి. నాలుగో వరుస నీడలు మాత్రం కత్తితో కోసినట్టు పడ్డాయి. ఆ అక్షరాల తీరు కూడా ఇప్పటి మన చేతిరాతే. ఇన్నేళ్లు ఎలా చూడలేదో!

"కింది లైను మీ తాత చెక్కించినాడమ్మా. నేనప్పుడు చిన్నోణ్ణి. ఊర్లో ఎవురో, మీ తిమ్మప్ప ఉండినాడనేదానికి దాఖలె యాడుండాది అని నవ్వినారంట. తాతకు రోషమొచ్చింది. చిక్కబళ్ళాపురం నుంచి రాతిపని చేసేటోణ్ణి పిలిపించినాడు. మేమెవురూ బయట చెప్పలేదు, మీ నాయన గూడా నీకు చెప్పలేదు."

ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలక మానవంటారు. నాకు మీసాలు లేవు కాబట్టి ముఖమే కాలింది. వేరే ఊరి రాయి అయితే ఆ నాలుగో వరుసను అయిదు నిమిషాల్లో పట్టేసేదాన్ని. మా ఇంటి రాయి కదా, అనుమానించాలన్న బుద్ధే పుట్టలేదు. తాత మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎన్ని బ్యాచుల పిల్లలకు ఆ ఫోటో చూపించాను! చిన్నాయన నా పక్కనే కూర్చుని మజ్జిగ ఇచ్చాడు. కాసేపటికి మళ్లీ లైటు పట్టి పై మూడు వరుసలు చదవడానికి ప్రయత్నించాను. మొత్తం కుదరలేదు. "ఆవుల" అన్న మాట, నేలకొరిగాడనే అర్థంలో "పడె" అన్న మాట దొరికాయి. మూడో వరుసలో "తమ్ముడు నిలిపె" అని స్పష్టంగానే ఉంది. పేరు ఉండాల్సిన చోట రాయి పెచ్చు లేచిపోయింది. ఎవరో ఒకడు నిజంగా ఆవుల కోసం చచ్చిపోయాడు, అతని తమ్ముడు ఏడ్చి ఈ రాయి నిలిపాడు. అది అబద్ధం కాదు. తాత చేర్చిన వరుస దాన్ని చెరపలేదు.

పన్నెండింటికి గుడిబండెలో బస్సెక్కి బాగేపల్లికి ఒంటిగంటకు చేరాను. రాహేలమ్మ బస్టాండులోనే ఉంది. అక్కడి నుంచి చేళూరు బస్సులో ఇరవై నిమిషాలు. వాళ్లింట్లో రాగి ముద్ద, నానబెట్టి పొట్టు పితికిన అనపగింజలతో చేసే పితుకు పప్పు పులుసు. అనపకాయల కాలంలో ఈ వైపుకు వస్తే దాన్ని తినకుండా వెళ్లకండి. రెండో ముద్ద వేస్తుండగా రాహేలమ్మతో చెప్పాను, నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేనని, రాతి దగ్గర బయటపడిన సంగతి కూడా. ఆమె గరిటె పక్కన పెట్టింది. "నాయన తట్టుకుంటాడో లేదో నాకు తెలీదు. కానీ నిన్ను అబద్ధమాడమని నేను చెప్పలేను" అంది.

నాలుగింటికి మందిరంలో నలభై మంది దాకా చేరారు. పెంకుటిల్లు, చాపలు, గోడకు రంగు కాగితాలు. దేవదానప్ప ముందు వరుసలో, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఉన్న ఆధారాలన్నీ చెప్పాను. ఆ మతంలో తర్వాత చేరిన ఒకాయన రాసిన ఉత్తరాలు సంఘటనలకు ఇరవై ఏళ్లు తిరిగేసరికే ఉన్నాయి, యేసు తమ్ముణ్ణి తాను కళ్లారా చూశానని అందులో రాశాడు. రోమన్ చరిత్రకారుడొకాయన ఆ మతాన్ని అసహ్యించుకుంటూనే, దాని మూలపురుషుడికి ఫలానా గవర్నరు మరణశిక్ష వేయించాడని రాశాడు. కోర్టులో ఎదుటి పక్షం సాక్షి మన మాట ఒప్పుకున్నట్టు. ఆ గవర్నరు పేరు చెక్కిన రాయి కూడా దొరికింది, దాన్ని ఎవరో తర్వాత మెట్టుగా వాడుకున్నారు. అది విని అందరూ నవ్వారు. మన ఊళ్లలో శాసనాల మీద బట్టలుతకడం అందరికీ తెలుసు కదా. పైగా గొప్ప కోసం కథ అల్లేవాడు తన దేవుణ్ణి దొంగల మధ్య కొయ్యకు వేలాడదీశారని అల్లడు. యేసు అనే మనిషి ఉన్నాడు, శిలువ మీద చనిపోయాడు. ఇక్కడిదాకా చరిత్రకారుల్లో దాదాపు అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతది విశ్వాసం, అది నా సబ్జెక్టు కాదు అన్నాను.

అప్పుడు ఫోన్లో మా రాయి ఫోటో చూపించాను. తాత సంగతి దాచకుండా చెప్పాను. తర్వాత దేవదానప్ప వైపు తిరిగి, "అప్పా, మీ పుస్తకంలో ఉండే ఆ రెండు లైన్లు గూడా మా తాత లైను లాంటివే. ప్రేమతో ఎవురో తరువాత చేర్చినవి" అన్నాను. రాహేలమ్మ తల వంచుకుంది.

ముసలాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అవి తీసేస్తే మిగిలేదేమమ్మా?"

"అట్లాంటి బోధకుడొకడు ఉండినాడు. శిష్యులుండినారు. గవర్నరు శిలువ వేయించినాడు. నమ్మినోళ్లు ఆయన్ని విడవలేదు. ఇంకో చోట ఆయన తమ్ముని గురించి గూడా రాసుండాడప్పా."

"ఇదంతా మనోడు కానోడు రాసింది?"

"అవునప్పా."

ఆయన జేబులోంచి పెన్సిల్ తీశాడు. పుస్తకం తెరిచి ఆ రెండు లైన్లనూ కొట్టెయ్యలేదు. వాటి చుట్టూ మెల్లగా ఒక గీత గీశాడు. పక్కన తన పేరు రాశాడు: దేవదానప్ప. "లేచినాడని చెప్పేది నా పనమ్మా. ఆ మాట ఆ చరిత్ర రాసినోని నోట్లో పెట్టేదెందుకు? నేనింకా బతికే ఉండాను కదా, నేనే చెప్తాను" అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని, "మీ తాతను తిట్టొద్దు. ఆయన సంతకం పెట్టేది మర్చిపోయినాడు, అంతే" అన్నాడు.

అయిదున్నరకు చేళూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చింతామణికి తిరిగి వచ్చాను. దారంతా ఆ పెన్సిల్ గీతే కళ్ల ముందు. పొద్దున బయలుదేరినప్పుడు నాకున్న గర్వం ఒక రాతి మీద చెక్కిన పేరుది. తిరిగి వస్తున్నప్పుడు దానికంటే పెద్ద గర్వం ఉంది. నేను పుట్టిన ఈ వైపు, ప్రాణంగా చూసుకున్న మాట ఆ చరిత్రకారుడిది కాదని తెలిసిన రోజున దాన్ని తన పేరు మీద రాసుకోగల మనిషి ఉన్నాడు. స్టాఫ్ రూములో సోమవారం ఆ సహోద్యోగికి ఆ ఆధారాలతో పాటు మా నాలుగో వరుస సంగతి కూడా చెప్పాను. క్లాసులో ఫోటో ఇప్పుడు కూడా అదే చూపిస్తున్నాను. పై మూడు వరుసలు ఎవరివో తెలియదని, నాలుగోది మా తాతదని చెబుతున్నాను.

మీరు ఈ దారిలో ఏ వీరగల్లు దగ్గరికి వెళ్లినా ఒక్క మాట గుర్తుంచుకోండి. పసుపు, సుద్ద పూయకండి, తడిగుడ్డ చాలు. ఫోన్ లైటు ఎదురుగా వేస్తే అక్షరాలన్నీ ఒకే వయసువి లాగే కనిపిస్తాయి. పక్క నుంచి పట్టండి. మీ ఇంటి రాయి అయితే ఇంకా తప్పకుండా పట్టండి.