సీటు కవరు, నేను, కాబోయే మామగారు

మనిషి పరువు పోవడానికి లోకంలో చాలా చోట్లున్నాయి. నాది ఖాజాగూడలో, ఒక ఇంటి గేటు ముందు, మోటారు సైకిలు మీద కూర్చుని ఉండగా పోయింది. బండి మీద నుంచి పడిపోయి ఉంటే ఎంతో బాగుండేది. పడటానికి వీల్లేనంత గట్టిగా కూర్చున్నాను. అదే వచ్చిన చిక్కు.

అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తూ ప్రగతి నగర్‌లో అద్దెకుండేవాణ్ణి. మాది భీమవరం వైపు. ఆఫీసులో నా పక్కన కూర్చునే స్వప్నా, నేనూ పెళ్లి చేసుకుందామనుకున్నాం. ఒప్పుకోవలసింది వాళ్ల నాన్న మల్లేశం గారు. ప్రభుత్వ ఆఫీసులో జీపు డ్రైవరుగా రిటైరైన మనిషి. కూతురంటే ఎంత ప్రాణమో పాత బళ్లన్నా అంతే.

"నీ జీతం గీతం చెప్తే మా నాయిన వినడు. నీ బండి చూస్తే కరుగుతడు. శనివారం దాని మీదనే రా" అంది స్వప్న.

ఆ బండి మా పెదనాన్న నడిపి, మా నాన్న నడిపి, నాకిచ్చింది. నాకంటే పెద్దది. ఇంజను ఇప్పటికీ గంభీరంగా దగ్గుతుంది. సీటు మాత్రం చూడలేం. కవరు చిరిగి, స్పాంజి బయటికి తొంగి చూస్తుండేది. వానొస్తే నీళ్లు తాగి, ఎండ కాశాక కూర్చున్నవాడికి భద్రంగా తిరిగిచ్చేది.

కొత్త రెగ్జిన్ కవరు కొన్నాను. "సీటు ఇచ్చిపోండి సార్, బిగించి పెడతా" అన్నాడు షాపాయన.

"అక్కర్లేదండీ, వీడియో చూశాను" అన్నాను. చదువుతున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు.

శుక్రవారం మా అపార్ట్‌మెంటు పార్కింగులో పని మొదలుపెట్టాను. బడి రోజుల నిక్కరు ఇప్పుడు తొడుక్కోబోయినట్టయింది. కవరు ముందు లాగితే వెనక జారింది, వెనక లాగితే ముందు లేచింది. ఎలాగో జిగురు పూసి అంటించాను. తీరా చూస్తే సీటు నిండా నా వేళ్ల జిగురు మరకలే. గేటుకి రంగులేసినప్పుడు, రంగు పలచన చెయ్యగా మిగిలిన థిన్నరు డబ్బా వాచ్‌మన్ యాదగిరి గదిలో ఉంటే అడిగాను.

"ఏం చేస్తరు సార్ దీంతోని? జర పైలం" అన్నాడు యాదగిరి.

"ఫికర్ చెయ్యకు" అన్నాను.

మరకలు పోయాయి. సీటు అద్దంలా మెరిసింది. ఆ మెరుపు చూసి నాకు ఆశ పుట్టి, ఇంకాస్త పోసి రుద్దాను. వెనక కూర్చునే భాగానికి డబ్బాలో మిగిలిందంతా పట్టించాను. థిన్నరు తగిలితే రెగ్జిన్ పైపూత కరిగి బంకలా తయారవుతుందని ఆ వీడియోలో ఎవరూ చెప్పలేదు.

శనివారం గోధుమరంగు ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాను. కూర్చున్నప్పుడు కాస్త జిగటగా అనిపించింది. కొత్త సీటు కదా, పట్టు ఉంటుందిలే అనుకున్నాను. ఎండ మండిపోతోంది. హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర ముందుకి జరగబోయాను. నేను జరిగాను, ప్యాంటు జరగలేదు. గట్టిగా లేవబోతే కింద నుంచి 'చర్ర్' మని సన్నగా వినిపించింది. వెంటనే కూర్చుండిపోయాను. వెన్ను మీద చెమట కారుతోంది. బండి పక్కకు తీసి స్వప్నకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నవ్?"

"సీటు మీద. అంటుకుపోయాను."

"ఏందీ? జోకులెయ్యకు. నాయిన పొద్దటి సంది గేటుకాడనే నిలబడ్డడు. జల్ది రా" అని పెట్టేసింది.

వెళ్లాను. ఇంకేం చేయను! మల్లేశం గారు ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటులో బండి చుట్టూ తిరిగి, ట్యాంకు నిమిరి, "మస్తుగుంది బిడ్డా! దిగు, లోపలికి పోదాం" అన్నారు.

"పర్వాలేదండి, ఇక్కడ గాలి బాగుంది."

గాలి లేదు. చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. స్వప్న వాళ్లమ్మ ఛాయ్ గేటు దగ్గరికే తెచ్చింది. బండి మీదే తాగాను. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు.

"కాలుకేమన్న దెబ్బ తగిలిందా?" అని అడిగింది స్వప్న వాళ్లమ్మ.

"లేదండి."

"మరి దిగవేంది? మా ఇల్లు నచ్చలేదా?"

మల్లేశం గారి మొహం గట్టిపడింది. స్వప్న కళ్లతోనే బతిమాలుతోంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేసరికి ఆయన ఉన్నట్టుండి నవ్వి, "అర్థమైంది! నన్ను ఎక్కించుకొని తిప్పాలని చూస్తున్నడు పిలగాడు" అంటూ కాలెత్తారు.

"వద్దండీ, వద్దు!"

ఆయన కూర్చున్నారు. థిన్నరు ఎక్కువ తాగిన భాగం మీద, పూర్తి బరువుతో.

చెరువు వైపు తిప్పి తీసుకొచ్చాను. దారంతా చిన్నపిల్లాడిలా ఈల వేశారు. గేటు ముందు ఆపగానే లేవబోయారు. మళ్లీ లేవబోయారు. 'చర్ర్' మంది. కూర్చుండిపోయారు. నా భుజం మీద ఆయన చెయ్యి బిగుసుకుంది.

"ఈ సీటు ఎవడు చేసిండు?"

షాపాయన మీదికి తోసేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. "నేనేనండి."

ఆయన కత్తెర తెమ్మని ఇంట్లోకి కేకేశారు. కత్తెర కోసం ఆడవాళ్లు లోపలికి పరుగెత్తారు. అది ఎంతకీ దొరకలేదు. ఎండలో ఒకరి వెనక ఒకరం, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఊరు, మా అమ్మ మోకాళ్ల నొప్పులు, స్వప్న కోపం, ఆ కోపం వస్తే నేనేం చేస్తాననేది, అన్నీ అడిగారు. పారిపోయే వీల్లేదు కాబట్టి అన్నిటికీ నిజమే చెప్పాను.

చివరికి దుప్పట్లు అడ్డం పట్టి మమ్మల్ని కత్తిరించి తీశారు. ఆయన లుంగీ ఒకటి నేను కట్టుకుని, ఇంకొకటి ఆయన కట్టుకుని హాల్లో పక్కపక్కన నిలబడ్డాం. ఎంతసేపటికీ కూర్చోవడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదన్న మాట మాత్రం దాచలేను.

"లగ్నం పెట్టిద్దాం" అన్నారు మల్లేశం గారు.

వాళ్లావిడ ఆశ్చర్యపోయింది. "పొద్దుగాల వద్దంటివి గదా?"

"ఒక చుట్టు తిరిగి, వద్దని చెప్పి దిగిపోదామనే ఎక్కిన. దిగరాకపాయె! కూసున్నంక పోరడు మంచోడని తెలిసింది."

ఇందుమూలంగా, అగ్నిసాక్షిగా పెళ్లాడిన భార్య ఎదుట, ఒక తెల్ల ప్యాంటు పోగొట్టుకున్న మామగారి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో థిన్నరు డబ్బా మూత తీయను. స్వప్న గోళ్ల రంగు తుడుచుకునే సీసా తీసినా, ఆ గదిలో నేను నిలబడే ఉంటాను.