గ్రీజు పట్టిన చేతిమిషన్ కోసం సెంటినరీ కాలనీకి

పాత కుట్టుమిషన్ల పిచ్చి నాది. పాడైనవి తెచ్చి, తుప్పు వదిలించి, తిరిగేలా చేసి ఇంట్లో పెట్టుకుంటాను. కింది దారాన్ని మోసే పడవలాంటి షటిల్ ఉండే చేతిమిషన్ ఒక్కటే ఎంత వెతికినా దొరకలేదు. రామగుండం దగ్గర సెంటినరీ కాలనీలో యోహాను అనే గని కార్మికుడు రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్నాడని, వాళ్ళింట్లో ఉన్న అలాంటి మిషన్‌ను పాత ఇనుముకు వేసేస్తారేమోనని స్నేహితురాలు చెప్పగానే నాకు కాలు నిలవలేదు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి, పదకొండు దాటాక రామగుండంలో దిగాను. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలుంటాయి, ముప్పై రూపాయలు తీసుకున్నారు. అక్కడినుంచి కాలనీకి వేరే ఆటో మాట్లాడుకున్నాను. "జల్ది ఎక్కు అక్కా, షిఫ్టు ఇడిస్తే ఆటోలు దొరకయి," అన్నాడు డ్రైవరు.

యోహానూ, ఆయన భార్య మార్తమ్మా సామాన్లు మూటలు కడుతున్నారు. ఆయన్ని అక్కడి వాడుకలో 'కాకా' అని పలకరించాను, బాబాయ్ అన్నట్టు. వరండాలో ఉన్న మిషన్ పిడి పట్టుకుంటే కదల్లేదు.

"ఆరేండ్ల సంది గిట్లనే ఉన్నది బిడ్డా," అంది మార్తమ్మ. "బొగ్గుబాయిల యంత్రాలకు పెట్టేసొంటి గ్రీజు బజార్ల కొనుక్కొచ్చి మీ కాక దీనికి దట్టించిండు. బాగుచేసేటాయన చూసి, ఇగ దీని పని అయిపోయిందన్నడు."

"గ్రీజు పెడితే మంచిగ నడుస్తదనుకున్న," అన్నాడు కాక నెమ్మదిగా.

"మంచిగనే నడిచింది. చర్చిల పిల్లలకు తెల్ల అంగీలు కుట్టేదాన్ని, చేతులు ముడుసుకొని కూసున్న. నువ్వు తీస్కపో బిడ్డా."

అప్పుడే డబ్బిచ్చి ఆటో ఎక్కించేస్తే సరిపోయేది. నా చేతులు ఊరుకుంటేగా. సంచిలోంచి కిరోసిన్ సీసా, పాత పళ్ళ బ్రష్ తీసి కూర్చున్నాను. గ్రీజు మైనంలా గట్టిపడింది. కాక పక్కనే కూర్చుని గుడ్డపేలికలు అందించాడు. మధ్యలో మార్తమ్మ అన్నం, కోడికూర పెట్టింది. ఎండ వాలేసరికి మిషన్ నూనె చుక్కలు వేసి పిడి తిప్పితే, షటిల్ టకటకమని ఆడింది.

మార్తమ్మ మూట వదిలేసి వచ్చింది. దారం ఎక్కించి, కాక చేత చొక్కా విప్పించి, చంక దగ్గర చిరుగు కుట్టింది. కుట్టు తిన్నగా పడింది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇగ దీన్ని ఇయ్య బిడ్డా. ఏమనుకోకు."

"నన్నన్న ఇడిసిపెట్టి పోతది గని, దాన్ని ఇడువది," అన్నాడు కాక, బనియన్ మీదే నిలబడి. ఆయన ముఖం వెలిగిపోతోంది.

అబద్ధం ఎందుకు, నాకు ఉసూరుమంది. సాయంత్రం రైల్లో ఖాళీ చేతులతో కూర్చున్నాక తెలిసొచ్చింది. మా ఇంట్లో తొమ్మిది మిషన్లున్నాయి. అన్నీ తిరుగుతాయి, ఒక్కటీ కుట్టదు. నా చేతిలో బాగుపడిన మిషన్ తన మనిషి చేతికి వెళ్ళడం మొదటిసారి చూశాను. ఆ ఇద్దరికీ రుణపడి ఉంటాను.

ఇలా పాత మిషన్ కోసం మీరు వెళ్తే ఒక్క మాట. గ్రీజు పట్టిన మిషన్ పిడిని బలవంతంగా తిప్పకండి, కిరోసిన్‌తో నాననివ్వండి. మిషన్ మీకు దక్కాలంటే మాత్రం డబ్బిచ్చాకే బాగుచేయండి. నేనైతే మళ్ళీ ముందే బాగుచేస్తాను.